మిషనక్క గీసిన గీత

మా ఎదురింటి సంగతి ఎవరెత్తినా "ఎంత పాత ఇల్లో, ఎంత గట్టి కట్టడమో" అని మొదలుపెడతారు. ఆ ఇంటి గొప్పలు నా దగ్గర చెప్పకండి. అక్కడ జరిగిందంతా కళ్లారా చూసినదాన్ని.

ఇల్లు కట్టించింది ఆ ఇంటి అక్కాతమ్ముళ్ల నాన్న. అమ్మా నాన్నా ముందూ వెనకగా పోయాక ఇద్దరు తమ్ముళ్లనీ పెంచింది అక్క. వీధివైపు గదిలో, కిటికీ పక్కన కుట్టుమిషన్ వేసుకుని మా వీధి ఆడవాళ్లందరికీ జాకెట్లు కుట్టింది. అందుకే అందరికీ మిషనక్క అయింది. బట్ట వేలెడు మిగిలినా మడతపెట్టి తిరిగిచ్చేసేది. పెళ్లి మాటెత్తితే "వీళ్లు చేతికి అందిరానీ" అనేది. అందివచ్చారు. పెళ్లిళ్లు చేసుకున్నారు. తోడికోడళ్లిద్దరికీ పడక, ఇల్లు పంచుకుందామన్నారు.

సరిగ్గా నడిమికి గోడ కట్టాలి. ఒకడు కొలిస్తే ఇంకొకడు నమ్మడు. ఇద్దరూ ఒకే మాట మీదికొచ్చింది ఒక్క దాంట్లోనే.

"అక్క కొలత తప్పదు. అక్కే గీయాలి."

గీసింది. మెడలో టేపు, చేతిలో బట్టల మీద గీసుకునే సుద్దముక్క. వీధిగోడ నుంచి పెరటిదాకా నడుం వంచి గీసుకుంటూ పోయింది. ఆ గీత ఆమె గదిలోంచే పోయింది. తలుపు ఇటు, కిటికీ అటు.

మేస్త్రి తాపీ పట్టుకుని నిలబడిపోయాడు. "ఈ గది ఎవరిదండీ?"

"అక్క తమ్ముడి దగ్గరుంటుందనుకున్నా" అన్నాడు పెద్దవాడు.

"నేను అన్నయ్య దగ్గరనుకున్నానే" అన్నాడు చిన్నవాడు.

నేను ఉండబట్టలేక ఆమె చెవిలో అన్నాను. "అక్కా, జానెడు అటు జరుపు. కిటికీ నీకు మిగుల్తుంది. ఎవడికి తెలుస్తుంది?"

"ఒకడికి జానెడు తగ్గదుటే?" అంది.

నాకు ఒళ్లు మండింది. ఇల్లంతా వాళ్లిద్దరికీ కొలిచిచ్చింది. వాటా మాట దేవుడెరుగు, తన పని చేసుకునే వెలుతురైనా తనకి ఉంచుకోని మనిషిని ఏమనాలి?

గోడ లేచింది. తలుపున్న ముక్కలో, పట్టపగలు బల్బు వేసుకుని అక్క కుట్టుకునేది. కిటికీ ఉన్న ముక్కలో చిన్నవాడి పెళ్లాం పాత పరుపులు పడేసింది. అవి కిటికీకి అడ్డంగా పేరుకుపోయాయి. పరుపులు కాస్త జరిపి, వెలుతురుకి గోడలో ఒక్క ఇటుక తీయించమని అక్క అడిగింది.

"ఇటుక తీస్తే ఇంక పంపకమేముందక్కా? మా మాటలన్నీ అవతలికి వినపడవూ?" అన్నాడు చిన్నవాడు.

మళ్లీ అడగలేదు. ఏళ్లు గడిచేకొద్దీ జాకెట్లకి కుట్లు వంకరపోవడం మొదలైంది. నేను నోరెత్తకుండా ఇంటికి తెచ్చి, విప్పి, మళ్లీ కుట్టుకునేదాన్ని. కొందరు మొహం మీదే అనేశారు. ఆస్పత్రికి తీసుకెళ్లమంటే తమ్ముళ్లు నువ్వంటే నువ్వని వంతులేసుకున్నారు. చివరికి మిషన్ చప్పుడే ఆగిపోయింది.

మొన్న ఇల్లు అమ్మకానికి పెట్టారు. సగం ఇల్లు ఎవరూ కొనరట. అంతే, అన్నదమ్ములు పాలూ నీళ్లలా కలిసిపోయారు. గోడ కొట్టించారు, పరుపులు పారేయించారు. కొనడానికొచ్చినాయన ఆ గదిలో నిలబడి మురిసిపోయాడు. అప్పుడు మిషన్ ముందు కూర్చున్న మనిషి కనపడింది.

"ఈ పెద్దావిడ మీలో ఎవరితో వెళ్తారు?"

పెద్దవాడు చిన్నవాడి వైపు చూశాడు. చిన్నవాడు పెద్దవాడి వైపు చూశాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను.

మాట మార్చడానికి పెద్దవాడు నవ్వు పులుముకున్నాడు. "చూశావా అక్కా, నీ గదిలోకి ఎంత వెలుతురొచ్చిందో!"

అక్క మిషన్ మీద చెయ్యి ఆనించి, మొన్నటిదాకా గోడ ఉన్న వైపు మొహం తిప్పింది.

"వచ్చిందా నాన్నా?" అంది.