పొగ రాని బండి

నా పిల్లల మీద ఆన... ఇందులో ఒక్క ముక్క కల్పన లేదు. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి.

కినత్తుకడవు దగ్గర కొబ్బరిపీచు గోడౌన్ మాది. మాదంటే, మేం పనిచేసేది. పీచును దిమ్మలుగా నొక్కి కంటైనర్లకెక్కిస్తాం. ఫోర్క్‌లిఫ్ట్ నడిపేది మా అక్క మొగుడు. నన్ను 'మాప్ళే' అనేవాడు, అరవంలో బావమరిదని. నేను కింద నిలబడి దారి చూపేవాణ్ని.

ఆ సాయంత్రం ఒకటే వాన. బ్యాటరీ బండికి చార్జింగ్ అయిపోయింది, మళ్లీ ఎక్కాలంటే తెల్లారాలి. కంటైనరేమో అర్ధరాత్రికే వస్తుంది. అందుకని బావ గ్యాస్ బండి తీశాడు. దాని సుఖమే వేరు... సిలిండర్ మార్చు, తాళం తిప్పు, అంతే. రెండు టన్నులు ఎత్తినా మూలగదు. డీజిల్ బండిలా నల్లగా కక్కదు. పీచు తడిస్తే ఉబ్బిపోతుందని షట్టర్ దించేశాం.

"పొగ పట్టదా బావా?"

"దీనికి పొగేది మాప్ళే? ఉంటే కంటికి కనపడదా?" అని నవ్వాడు.

నేనూ నమ్మాను. ఎంత వెర్రివాళ్లం!

ఏడింటికల్లా నా తల పగిలిపోతోంది. "పోయి కాసేపు పడుకో మాప్ళే," అన్నాడు బావ. షట్టర్ కింద నుంచి వంగి బయటికొచ్చాను. వెనకే దించేశాడు. వాచ్‌మన్ గదిలో పడ్డవాణ్ని పడ్డట్టే నిద్రపోయాను.

లేచేసరికి పదకొండు. తల ఇంకా దిమ్ముగానే ఉంది. షట్టర్ దగ్గరికెళ్లాను. లోపల ఇంజన్ గుర్రుమంటోంది. బండి వెనక్కి వచ్చేటప్పుడు కొట్టే చప్పుడు... బీప్... బీప్... బీప్. నా అరచేతి కింద రేకు అదురుతోంది.

"బావా... తెరవనా?"

బీప్ ఆగింది. ఇంజన్ ఆగింది. వాన ఒక్కటే. తర్వాత... రేకుకు అవతల... సరిగ్గా నా చెవి దగ్గర...

"తెరవొద్దు మాప్ళే. సరుకు తడుస్తుంది."

బావ గొంతే. సరేనని వెనక్కెళ్లి టీ కాచుకున్నాను.

పన్నెండుకు కంటైనర్ వచ్చింది. డ్రైవరూ నేనూ షట్టర్ ఎత్తాం. బండి అటు చివర, గోడ దగ్గరుంది. స్టీరింగ్ మీద తల వాల్చి బావ... ఒళ్లు కట్టె. ఇంజన్ మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. సిలిండర్ ఎప్పుడో ఖాళీ.

ఆ బండి వదిలే విషగాలికి రంగూ వాసనా ఉండవట. మూసిన చోట నడపనేకూడదట. శవాన్ని చూసిన డాక్టర్ చెప్పాడు. రాత్రి ఎనిమిదిలోపే బావ ప్రాణం పోయిందన్నాడు. "నీ తలకీ ఎక్కింది, ఏదో విన్నట్టు అనిపించి ఉంటుంది," అన్నాడు.

"రేకు అదిరింది సార్," అన్నాను.

అక్క మాత్రం ఒక్కటే అడిగింది. "అది ఆయన గొంతేనా?"

"అవునక్కా."

"అయితే పదకొండుకు బతికే ఉన్నాడు కదరా. ఎందుకు తెరవలేదు?"

ఆ రోజు నుంచి నాతో మాట్లాడదు. ఎనిమిదిలోపే పోయాడన్న డాక్టర్ మాట చెబుదామని రెండుసార్లు వాళ్ల గడప దాకా వెళ్లాను. చెప్పలేకపోయాను. ఎందుకంటే నాకే నమ్మకం లేదు. ఆ గొంతు నేను విన్నాను... విన్నానా?