పెద్దమ్మ మార్చిన అద్దం

పెద్దనాయన నంబరు నుంచి ఫోను మోగగానే నాకు భయం వేసింది. గొంతుకు ఆపరేషనై మాట పోయినప్పటి నుంచి ఆయన ఎవరికీ ఫోన్ చేయడు. ఎత్తితే పక్కింటామె తమిళంలో చెప్పింది. మీ పెద్దమ్మ వంటింట్లో పడిపోయింది, డాక్టరు వచ్చేలోపే ప్రాణం పోయింది, బయల్దేరి రా అని.

విరుదునగర్‌లో బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. సాత్తూరులో దోసకాయలు అమ్మే ఆమె కిటికీ దగ్గరికి వస్తే కారం చల్లించుకుని మరీ కొన్నాను. చావింటికి వెళుతున్నానని తెలుసు. కోవిల్‌పట్టిలో దిగేదాకా ఆ పొట్లం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న ఇవాళ్టికీ రాలేదు. పెద్దమ్మను మీరెవరూ ఎరగరు. ఏడవడం చేతకావడం లేదు కాబట్టి, ఆమె గురించి నాకు బాగా గుర్తున్నది మీకు చెబుతాను.

ఆమె మా అమ్మకు అక్క. ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. మాట పోయాక పెద్దనాయన ఒక ట్యాబ్ మీద వేలితో రాసి చూపించేవాడు. మాటలు మన తెలుగువే, అక్షరాలు మాత్రం తమిళం. మేం తమిళనాట పుట్టి పెరిగిన తెలుగువాళ్లం. తెలుగు అక్షరాలు నేను పెద్దయ్యాక నేర్చుకున్నాను, వాళ్లిద్దరికీ రావు. ఆయన రాసిందాన్ని పెద్దమ్మ పైకి చదివేది. కోపంగా రాస్తే కోపంగానే చదివేది, ఆ కోపం తన మీదైనా సరే. "బుద్ది ఉండాదా నీకు?" అని తననే గట్టిగా అడిగి, "ఉండాది, ఉండాది" అని మెల్లగా తనే జవాబిచ్చేది.

తగవు ముదిరితే మాత్రం కళ్లజోడు తీసి పక్కన పెట్టేది. "నాకిప్పుడు ఏమీ కనపడదు. కోపం తగ్గినాంక చెప్పు" అనేది.

అలాంటి ఒక తగవులోనే ఆయన ట్యాబ్‌ను ఆమె మొహానికి అడ్డంగా పెట్టాడు. ఆమె చేత్తో తోసింది. అది జారి రుబ్బురోలు మీద పడింది. అద్దం పగిలి వేలు పెడితే పలకడం మానేసింది. కాగితం, పెన్సిలు ఇస్తే పెద్దనాయన పక్కకు నెట్టేశాడు. ఆయన చెయ్యి వణుకుతుంది. ట్యాబ్ మీదైతే వేలితో పెద్దగా రాస్తాడు కానీ, పెన్సిలుతో కాగితం మీద రాసింది ఆయనకే అర్థం కాదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

పెద్దమ్మ నాకు ఫోన్ చేసింది. "రిపేరు అంగడాయన దీన్ని ఆడ పెట్టి పొమ్మంటాడు. ఎన్ని దినాలో చెప్పలేడంట. అంతవరకు ఈయన మాట లేకుండా ఉండాల్నా? నువ్వు అద్దం తెప్పించు పాపా. ఇంట్లోనే మారుస్తాం."

"చెడిపోతే ఎట్ల పెద్దమ్మా?"

"ఇప్పుడేమి, బాగుండాదా?"

అద్దం, జుట్టు ఆరబెట్టుకునే నా డ్రైయరు తీసుకుని వెళ్లాను. ఫోనులో అద్దం మార్చడం చూపించే వీడియో పెట్టి, కుట్టు మిషను బల్ల మీద పని మొదలుపెట్టాం. గాజు పెంకులు రాలకుండా పెద్దమ్మ అద్దమంతా టేపు అతికించింది. నేను అంచులకు వేడి గాలి పట్టాను. జిగురు మెత్తబడ్డాక, చొక్కా కాలరులో పెట్టే ప్లాస్టిక్ పట్టీని ఆమె సందులోకి దూర్చి కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ వచ్చింది. విప్పిన మరలు కలిసిపోకుండా ఇడ్లీ పళ్లెం గుంటల్లో వేశాం. ఆమె వేలు కోసుకుని నెత్తురు వచ్చింది. కొంగుకు తుడుచుకుంది.

కొత్తది అమర్చి చూస్తే వెలిగింది కానీ, ఒక పక్క వేలికి పలకలేదు. పెద్దమ్మ బల్ల మీద తల వాల్చేసింది. "తోసింది నేనే పాపా. ఆయన నోరు నేనే మూసేస్తి" అంది. నేను డ్రైయరు మళ్లీ ఆన్ చేశాను. ఆమె లేచింది. మళ్లీ వేడి చేసి, విప్పి, రిబ్బను లాంటి తీగ మొన సరిగా దిగలేదని చూసి, అదిమి మూశాం. ఈసారి అద్దమంతా పలికింది.

పెద్దనాయన గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. చాలాసేపు రాశాడు. పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని పైకి చదివింది: "నిన్న పులుసులో ఉప్పు లేదు. మొన్న కూడా లేదు. నువ్వు చూసుకోకుండా తింటా ఉండావు." చదవడం అయ్యాక వంటింట్లోకి వెళ్లింది. లోపల నుంచి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

ఆమె పోయిన రోజు నేను బస్సు దిగి వెళ్లేసరికి ఆమెను హాల్లో పడుకోబెట్టారు. వచ్చినవాళ్లంతా ఎట్ల జరిగింది, ఎట్ల జరిగింది అని పెద్దనాయననే అడుగుతున్నారు. ఆయన ఒకసారి రాసి, దాన్నే అందరికీ చూపిస్తున్నాడు. నా వైపూ తిప్పాడు. "కాఫీ కావాల్నా అని అడిగింది. కావాలంటి. లోపలికి పొయ్యింది."

గుమ్మంలోకి ఇంకెవరో వచ్చారు. ట్యాబ్ వెలుగు ఆరిపోబోతుంటే ఆయన వేలితో తాకి వెలిగించి, అదే మాటను వాళ్ల వైపు తిప్పి పట్టుకున్నాడు.