హుస్సేన్ సాగర్‌లో నేను అరవని మాట

ఆగస్టు నెల. ఉదయం ఐదింటికి హైదరాబాదులో దిగాను. ఆరింటికి హుస్సేన్ సాగర్ గట్టున, సైన్యం సెయిలింగ్ క్యాంపులో హాజరయ్యాను. పడమటి గాలి. పచ్చటి నీళ్లు, మురుగు వాసన. ఇచ్చిన సామాను: లైఫ్ జాకెట్, రబ్బరు బూట్లు, ఒక లేజర్ పడవ.

లేజర్ పద్నాలుగు అడుగుల పందెం పడవ. ఒకే తెరచాప, ఒకే మనిషి. అన్నీ ఒకే కొలత, ఒకే బరువు. తేడా నడిపేవాడిలోనే.

కోచ్ హవల్దారుది మడకశిర. నన్ను చూసి నవ్వాడు.

"ఏమప్పా, పెనుకొండోడివి. మీ తావ తాగను నీళ్లు లేవు, ఈడికి పడవ నడపను వస్తివా?"

"నేర్పించు, నడుపుతా."

"మేజరైనా జవానైనా దీనికి ఒకటే. తెల్సుకో."

ఆ మాట నమ్మాను. మా తాతను చూసి పది ఊళ్లు లేచి నిలబడేవి. నాకు బస్సులో జరిగి చోటిచ్చేవాడు లేడు. పదకొండు నెలలు, రోజుకు ఆరు గంటలు, పడవ అంచు మీంచి నీళ్ల మీదికి వెనక్కి వాలి నడిపాను. తొడలు మండిపోయేవి.

జూలైలో సెలక్షన్ పందెం. గెలిచిన ఒక్కడికే ముంబై జాతీయ పోటీ. పది నలభైకి చివరి మలుపు. ముందు మా క్యాంపులోనే నేర్చుకున్న ఒక మేజరు. ఒక పడవంత దూరం వెనక నేను. మలుపు దగ్గర నారింజ రంగు గాలిపీపా తేలుతుంటుంది. దానికి తగిలితే శిక్షగా పడవను ఒక చుట్టు తిప్పాలి. మేజరు పడవ తగిలింది. వెనక్కి తిరిగి నన్ను చూశాడు. చుట్టు తిప్పలేదు.

చూసినవాడు వెంటనే 'ప్రొటెస్ట్' అని అరవాలి. అది నియమం. ఎనిమిదేళ్ల జవాను సర్వీసులో పై అధికారి మీద అరిచింది లేదు.

"సార్!" అన్నాను. అంతే.

గట్టుకొచ్చి, సెల్యూట్ కొట్టి, ఫిర్యాదు రాసిచ్చాను. పై అధికారి మీద ఫిర్యాదు అలాగే ఇవ్వాలని నేర్పింది సైన్యమే.

విచారణ గదిలో ముగ్గురు అధికారులు.

"నీళ్ల మీద ఏమని అరిచావు?"

"సార్ అని, సార్."

నవ్వారు. ఫిర్యాదు చెల్లదన్నారు. తగిలిందా లేదా అని మేజరును ఒక్కడూ అడగలేదు.

బయట కోచ్ మండిపడ్డాడు. "ఒక్క కేక ఏసుంటే అయిపోతాండె గదప్పా! నోట్లో ముద్ద పెట్టుకోనుంటివా?"

"నువ్వూ చూసినావు. పోయి చెప్పు."

"నాకింకా రెండేండ్ల సర్వీసు ఉండాది," అన్నాడు నేల చూస్తూ.

సాయంత్రం కప్పు అందుకుని మేజరు నన్ను వేదిక మీదికి పిలిచాడు. "గట్టి పోటీ ఇచ్చాడు మావాడు," అని భుజం మీద చెయ్యి వేశాడు. ఫొటో తీశారు.

సర్వీసు ముగిశాక ధర్మవరంలో రైలు దిగి, బస్సులో పెనుకొండ చేరాను. క్యాంపు వాళ్లు పంపిన ఆ ఫొటో నాకంటే ముందే ఇంటికి వచ్చింది. నాయన పటం కట్టించాడు. వచ్చినవాళ్లందరికీ చూపిస్తాడు.

"చూడబ్బా, మేజరే మావోని భుజం మింద చెయ్యేసినాడు. మా మర్యాద మాకు మళ్ల వచ్చె."

పగలగొట్టాలని ఎన్నిసార్లు దాని ముందు నిలబడ్డానో. నాయనకు నిజం చెప్పలేదు. పటంలో మేజరు నవ్వుతున్నాడు. నేను నిటారుగా, అటెన్షన్‌లో ఉన్నాను. ఆ చెయ్యి అక్కడే ఉంది.