చెయ్యి పోయిన నాన్నను సముద్రానికి పంపిన మేస్టారు

ఆ రోజుల్లో విజయనగరంలో ఏ సందులోకి తిరిగినా కింద ఒక జెరాక్స్ కొట్టు, పైన ఒక స్పోకెన్ ఇంగ్లీష్ ఇన్‌స్టిట్యూట్ కనిపించేవి. కింది కొట్టువాడికి తన మెషిన్ సంగతి బాగా తెలుసు. పై మేడలో పాఠం చెప్పేవాడికి మాత్రం ఇంగ్లీషు అంతే బాగా తెలుసని చెప్పలేం. అలాంటి మేడల్లో ఒకదాని మీద ఇరవై నాలుగేళ్ళ వయసులో నేను రెండేళ్ళు ఇంగ్లీషు చెప్పాను. ఎమ్మే పాసయ్యాను, సెకండ్ క్లాసే అనుకోండి. కోటబొమ్మాళిలో మా నాన్నకి కిరాణా కొట్టు. కొట్లో కూర్చోమంటే కూర్చోకుండా పారిపోయి వచ్చినవాణ్ణి కాబట్టి నేనేదో గొప్పవాణ్ణని నిరూపించుకోవలసిన అవసరం నాకు చాలా ఉండేది. అందుకోసం మా ఊరి యాసని గొంతులోనే నొక్కేసి, ‘ఏటి’ అనే మాట పొరపాటున కూడా బయటికి రాకుండా కాపలా కాసేవాణ్ణి. (కోపం వస్తే మాత్రం ముందుగా అదే వచ్చేది.)

మా క్లాసులో పాతికమంది ఉండేవారు. బ్యాంకు పరీక్షలకి చదివేవాళ్ళు, ఉద్యోగం మారదామనుకునే మెడికల్ షాపు కుర్రాళ్ళు, ఒకరిద్దరు గృహిణులు. వాళ్ళలో భావనపాడు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది. ఇంటర్ పాసై, విజయనగరంలో మేనత్త ఇంట్లో ఉంటూ వచ్చేది. అందరం ‘భావనపాడు’ అనే పిలిచేవాళ్ళం. మూడో బెంచీ చివర కూర్చుని, నేను తుమ్మినా నోట్సులో రాసుకునేటంత శ్రద్ధగా వినేది. శ్రీకాకుళంలో ఒక ట్రస్టు వాళ్ళు, సంపాదించే మనిషి పని చెయ్యలేని స్థితిలో ఉన్న ఇళ్ళ ఆడపిల్లలకి ఆసుపత్రి ల్యాబు పని ఏడాదిపాటు ఉచితంగా నేర్పించి, ఉద్యోగం కూడా చూపించేవారు. ఆ సీటు కోసమే ఆమె ఇంగ్లీషు నేర్చుకోవడం. ఇంటర్వ్యూలో కుటుంబం గురించి నాలుగు ముక్కలు ఇంగ్లీషులో చెప్పమంటారట. ఈ సంగతి నాకు ముందే చెప్పింది. నేను విన్నాను కూడా. విన్నదాన్ని గుర్తు పెట్టుకోవడం అప్పట్లో నా అలవాట్లలో లేదు.

ఒక రోజు పేరలల్ స్ట్రక్చర్ పాఠం మొదలెట్టాను. నాకు చాలా ఇష్టమైన పాఠం అది, ఎందుకంటే చెప్పడం తేలిక, నవ్వించడం ఇంకా తేలిక. ఒకే వాక్యంలో వరసగా మూడు సంగతులు చెప్పేటప్పుడు మూడూ ఒకే అచ్చులో పోసినట్టు ఉండాలన్నాను. ‘నాకు తినడం, పడుకోవడం, సినిమాకి వెళ్తాను అంటే ఇష్టం’ అని ఎవరైనా అంటే ఎలా ఉంటుందో చెప్పమన్నాను. క్లాసంతా నవ్వింది. అక్కడితో ఆపి ఉంటే నేను మంచి మేస్టారుగానే మిగిలిపోయేవాణ్ణి. కానీ ఆ నవ్వు నాకు సరిపోలేదు. ఒక్కొక్కళ్ళనీ తమ కుటుంబం గురించి అలాంటి మూడు సంగతుల వాక్యం రాసి, లేచి చదవమన్నాను.

భావనపాడు అమ్మాయి లేచి చదివింది: ‘మై ఫాదర్ యూజ్డ్ టు గో టు సీ, మై మదర్ సెల్స్ ఫిష్, అండ్ అయామ్ లెర్నింగ్ ఇంగ్లీష్.’ మా నాన్న ఒకప్పుడు సముద్రం మీదికి వెళ్ళేవాడు, మా అమ్మ చేపలు అమ్ముతుంది, నేను ఇంగ్లీషు నేర్చుకుంటున్నాను అని అర్థం. ఈ రోజు ఎవరైనా ఆ వాక్యం నా చేతిలో పెడితే భుజం తడతాను. ఆ రోజు మాత్రం కళ్ళు మూసుకుని నొసలు పట్టుకున్నాను, దెబ్బ తగిలినవాడిలా. ఒక క్రియ నిన్నటిది, ఒకటి రోజూ జరిగేది, ఒకటి ఇప్పుడు జరుగుతున్నది, ముగ్గురూ మూడు బస్సులెక్కి మూడు ఊళ్ళు పోతున్నారన్నాను. క్లాసు విరగబడి నవ్వింది. ఆమె నోట్సు తీసుకుని ఎర్ర పెన్నుతో మొత్తం కొట్టేసి, కింద నా చేత్తో రాశాను: ‘మై ఫాదర్ గోస్ టు సీ, మై మదర్ గోస్ టు మార్కెట్, అండ్ ఐ గో టు క్లాస్.’ నాన్న సముద్రానికి వెళ్తాడు, అమ్మ మార్కెట్‌కి వెళ్తుంది, నేను క్లాసుకి వెళ్తాను. ముగ్గురినీ ఒకే క్రియ ఎక్కించి పంపేశాను. బోర్డు మీద కూడా రాసి, దాని పక్కన పెద్ద టిక్కు పెట్టుకున్నాను. (నా వాక్యానికి నేనే పెట్టుకున్న టిక్కు. ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.)

ఆమె కూర్చోకుండా నిలబడే ఉంది. “సార్, మా నాన్న ఇప్పుడు ఎల్లడం నేదండి” అంది మెల్లగా.

“మీ నాన్న ఎల్తాడో ఎల్లడో గ్రామరుకి అనవసరం. మూడూ ఒకేలా ఉండాలి, అంతే” అన్నాను, ఆ ‘ఎల్లడం’ అన్న మాటని ఆమె గొంతుతోనే సాగదీసి. మళ్ళీ నవ్వులు. మా ఇంట్లో మా అమ్మా నాన్నా పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఆ మాటే అంటారు. ఆ సంగతి క్లాసులో ఎవరికీ తెలియదు కాబట్టి నేనూ హాయిగా నవ్వాను. ఆమె కూర్చుని, నేను రాసిన వాక్యాన్ని కింద మరో మూడుసార్లు రాసుకుంది.

తర్వాత పది రోజులకి ఆమె రావడం మానేసింది. నేను పెద్దగా పట్టించుకోలేదు. ఇంకో వారం పోయాక, మధ్యాహ్నం క్లాసు వదిలి మెట్లు దిగుతూ ఉంటే ఒక పెద్దావిడ ఎదురొచ్చింది. వెనకాల రెండు మెట్లు కింద భావనపాడు అమ్మాయి, చేతిలో అదే నోట్సు. ఆవిడ ఆమె తల్లి. పొద్దున్నే బయలుదేరి అంత దూరం వచ్చింది. జరిగింది నెమ్మదిగా చెప్పింది. ఇంటర్వ్యూలో కుటుంబం గురించి అడిగితే పిల్ల నేను రాసిచ్చిన వాక్యాన్ని గడగడా అప్పజెప్పింది. అక్కడున్న మేడమ్ కాగితాలు తిరగేసి, మీ నాన్న ఇప్పుడు కూడా సముద్రానికి వెళ్తాడా అని ఇంగ్లీషులో అడిగింది. భయంతో పిల్ల మళ్ళీ అదే వాక్యం చెప్పింది. ఆమె తండ్రి కుడిచెయ్యి నాలుగేళ్ళ కిందట బోటు ఇంజన్లో పడి నలిగిపోయింది. పని చెయ్యలేడని సర్టిఫికెట్టు దరఖాస్తుకి జత చేశారు. మనిషేమో రోజూ సముద్రానికి వెళ్తున్నాడని కూతురే చెబుతోంది. దొంగ సర్టిఫికెట్టు అనుకుని ఆ మేడమ్ దరఖాస్తు పక్కన పడేసింది.

ఇంతా చెప్పి ఆవిడ నన్ను తిడుతుందని కాచుకున్నాను. తిట్టలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు మొహం పెట్టి అడిగింది: “నాకు తెలీకడుగుతన్నాను బాబూ. ఇంగిలీసులో సెయ్యి పోయినోడు కూడా సముద్రానికెల్లాలేటి?”

 ఆ ప్రశ్నకి ఆ రోజు ఒక జవాబు చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండేది. నేను ఊరికే ఉదాహరణకి రాశానమ్మా, పిల్లే సరిగ్గా అర్థం చేసుకోలేదు అన్నాను. అమ్మాయి తల ఎత్తి నా వైపు చూసింది. నా చేతిరాత, నా ఎర్ర గీతలు ఉన్న నోట్సు ఆమె చేతిలోనే ఉంది. తెరిచి చూపిస్తే సరిపోయేది. తెరవలేదు. తల్లి మాత్రం వెంటనే నమ్మేసింది. “అవునేమో బాబూ, మాకేటి తెలుస్తాది” అని, పిల్లని వెంటపెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం క్లాసుకి ముందు, నా తప్పేమీ లేదని నాకు నేను చెప్పుకోవడం కోసమే లావు గ్రామరు పుస్తకం తీశాను. పేరలల్ స్ట్రక్చర్ అధ్యాయం చివర, చిన్న అక్షరాలతో ఉందని నేను ఎప్పుడూ దాటేసే పేజీ ఒకటుంది. మూడు పనులూ మూడు కాలాలవైతే క్రియలు కూడా ఆ కాలాల ప్రకారమే ఉండాలని, వరస కోసం అర్థాన్ని మార్చకూడదని అక్కడ స్పష్టంగా ఉంది. ఆమె వాక్యం మొదటి నుంచీ ఒప్పే. నేనే ఒప్పుని కొట్టేసి తప్పు రాశాను. ఆ సాయంత్రం ఒంట్లో బాగోలేదని చెప్పి క్లాసు ఎగ్గొట్టాను. (మరో అబద్ధం. అప్పటికి అలవాటైపోయింది.)

రెండు రోజులు నాతో నేనే వాదించుకుని, మూడో రోజు పాసింజర్ ఎక్కాను. కోటబొమ్మాళిలో దిగి, మా నాన్న కంట పడకుండా కర్చీఫు మొహానికి కట్టుకుని, ఆటోలు మారి భావనపాడు చేరాను. అమ్మాయి తండ్రి ఇంటి ముందు కూర్చుని, వల అంచుని కాలి వేళ్ళతో పట్టుకుని ఎడం చేత్తో బాగు చేస్తున్నాడు. నేనెవరో చెప్పగానే, మేస్టారొచ్చారని గబగబా లేచి ప్లాస్టిక్ కుర్చీ తెప్పించాడు. భార్య కొబ్బరినీళ్ళు తెచ్చింది. నేను దారి పొడవునా మూడు వాక్యాల క్షమాపణ తయారుచేసుకున్నాను, మూడూ ఒకే అచ్చులో. తీరా చెప్పేసరికి ఆ వరస చెదిరిపోయింది. మెట్ల మీద నేను చెప్పింది అబద్ధమని, మీ అమ్మాయిది తప్పు కాదని, నేను తప్పు నేర్పానని తడబడుతూ చెప్పాను. ఓదారుస్తాడని లోలోపల ఆశ ఉంది కాబోలు, ఆయన మొహం వైపు చూశాను. ఆయన మళ్ళీ వల అందుకున్నాడు.

“ఆ మాట నాకు సెప్తే ఏటొస్తాది బాబూ. రాసుకున్నది ఆ ట్రస్టోలు. ఆలకాడికెల్లి సెప్పండి” అన్నాడు.

మర్నాడు నేను, అమ్మాయి, ఆమె తండ్రి ముగ్గురం శ్రీకాకుళం వెళ్ళాం. ట్రస్టు మేడమ్ రిటైరైన డాక్టరు, కళ్ళద్దాల మీంచి చూసే మనిషి. నేను ముందుకి వెళ్ళి, ఇంగ్లీషు మేస్టారుగా నా హోదాకి తగ్గకుండా ఇంగ్లీషులోనే మొదలుపెట్టాను. ‘మేడమ్, ఐ కేమ్ టు అపాలజైజ్, ఎక్స్‌ప్లెయినింగ్ ద మేటర్, అండ్ ద గర్ల్ ఈజ్ ఇన్నోసెంట్’ అన్నాను. చెప్పాల్సిన మూడు సంగతులూ మూడు అచ్చుల్లో పోసి, ఏ తిండి, పడక, సినిమా వాక్యానికి క్లాసునంతా నవ్వించానో అదే తప్పు నేను చేశాను. పక్కనున్న అమ్మాయి చటుక్కున నా వైపు తిరిగింది. ఆమె పట్టేసింది. పాఠం అంత బాగా వచ్చింది ఆమెకి.

మేడమ్ చాలా శాంతంగా, తెలుగులో చెప్పు నాయనా అంది. అప్పుడు అన్నాళ్ళూ గొంతులో నొక్కిపెట్టినదంతా ఒక్కసారి బయటపడింది. “తప్పు నాదండి. ఈ పిల్ల నిజమే రాసినాది. నానే దాన్ని కొట్టేసి అబద్ధం రాయించాను. గ్రామరు నాకే సరిగ్గా రాదండి” అన్నాను. మేడమ్ అమ్మాయి తండ్రి చెయ్యి చూసింది, నోట్సు చూసింది, ముందు రాసిన వాక్యం ఏదో చదవమని అమ్మాయిని అడిగింది. ఎర్ర గీతల కింద ఉన్న ఆ వాక్యాన్ని అమ్మాయి చదివింది, ఈసారి వణక్కుండా.

“ఇందులో తప్పేముంది?” అంది మేడమ్ నాతో.

“ఏటీ నేదండి” అన్నాను.

సీటు వెంటనే ఇవ్వలేదు. జాబితా అయిపోయిందని, ఎవరైనా మానేస్తే చూస్తామని పంపించేశారు.  మూడు వారాలకి ఎవరో అమ్మాయికి పెళ్ళి కుదిరి మానేసింది, ఆ చోటు ఈమెకి వచ్చింది. ఇప్పుడు ఒక ఆసుపత్రి ల్యాబులో మంచి ఉద్యోగంలో ఉంది. నేను శ్రీకాకుళం నుంచి వచ్చిన మర్నాడే క్లాసులో నిలబడి, ఆ రోజు బోర్డు మీద రాసిన వాక్యం తప్పని ఒప్పుకున్నాను. ఆ తర్వాత కొన్ని నెలలకి ఆ మేడ దిగి, బీఈడీ చేసి, తిప్పలు పడి మా ఊళ్ళోనే స్కూలు మేస్టారునయ్యాను. పిల్లలు వాక్యం రాసుకొస్తే ఇది నిజమేనా అని ముందు అడుగుతాను. గ్రామరు తర్వాత చూస్తాను. కొందరు తల్లిదండ్రులు ఈయనకి ఇంగ్లీషు రాదేమోనని అనుమానపడతారు. వాళ్ళ అనుమానం పూర్తిగా తప్పని నేను అనలేను.

ఇదంతా ఇక్కడితో ముగిస్తే నేను ఒడ్డున పడినట్టే. కానీ ఆ తల్లి ఊళ్ళో అందరికీ మరో కథ చెప్పుకుంది. విజయనగరం మేస్టారు స్వయంగా ఇంటికొచ్చి, శ్రీకాకుళం తీసుకెళ్ళి, పెద్ద డాక్టరమ్మతో మాట్లాడి సీటు ఇప్పించారట. సీటు పోగొట్టింది కూడా ఆ మేస్టారే అన్న ముక్క ఎలా జారిపోయిందో జారిపోయింది. ఒకసారి సరిచెయ్యబోతే, మీరు పెద్ద మనసుతో అలగంటారు గానీ అని కొట్టిపారేసింది. అప్పట్నుంచి ఏడాదికి రెండు మూడుసార్లు ఎవరో ఒకరి చేత మంచి వంజరం చేప ముక్కలు పంపిస్తుంది. మా ఆవిడ పులుసు పెట్టి, మా పిల్లలకి వడ్డిస్తూ, ఒక పేదింటి పిల్లని మీ నాన్న ఎలా పైకి తెచ్చారో ప్రతిసారీ చెబుతుంది. పిల్లలు నా వైపు గొప్పగా చూస్తారు. నేను తల వంచుకుని, లేని ముల్లు కోసం వెతుకుతూ తింటాను. ఇరవై నాలుగేళ్ళ ఆ కుర్ర మేస్టారు తలపుకొచ్చి సిగ్గుగానూ ఉంటుంది, కాస్త నవ్వూ వస్తుంది. పులుసు మాత్రం చాలా బాగుంటుంది. ఇంకో ముక్క వెయ్యమని అడుగుతాను కూడా.