తడి చెయ్యి

తిరుత్తణి పూలంగడి అక్క చెయ్యి ఎప్పుడూ తడిగానే ఉండేది. మాట్లాడుతూనే చెంబులో వేళ్లు ముంచి మల్లెల మీద చిలకరించేది. పూలవర్తకుల ధర్మనిధి నుంచి ఎవరి పరిశోధనకు సాయం చేయాలో తేల్చే ముగ్గురిలో ఆమె ఒకతె. నేను ఆ నిధి గుమాస్తాను. ఆమె అంగడి వదిలి రాదు కాబట్టి అభ్యర్థులే అక్కడికి వచ్చేవారు.

తామరైపాక్కం ఊరి నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె, అస్తమానం నీళ్లు చల్లడం వల్లే మల్లెలు త్వరగా కుళ్లుతాయని నిరూపిస్తానంది. మిగతా ఇద్దరూ, నేనూ అక్క మొహం చూడలేకపోయాం.

“అంటే ముప్పై ఏండ్లుగా నేనే కుళ్లబెడతా ఉండానా?”

“అవునక్కా,” అంది అమ్మాయి, బిక్కుబిక్కుమంటూ.

అక్క మావైపు తిరిగింది. “మొగం మీదే చెప్పింది. ఈ పాపకే ఇయ్యండన్నా.”

చెక్కు అక్క చేతే ఇప్పించాం. ఇచ్చే ముందు అలవాటుగా దానిమీదా చిలకరించింది. అక్షరాలు అలుక్కుపోయాయి.

అక్క చెంబు నా ఒళ్లో పెట్టుకుని రెండో చెక్కు రాశాను.