తీయవలసిన దారాలు

మా నాయన మితభాషి. ఏదైనా అన్నాడంటే ఇక దానికి తిరుగుండదు. అక్క కూతురి బాప్తిస్మానికి నేను గౌను కుడతానని పట్టుబట్టినప్పుడు ఆయన అన్నది ఇంతే.

"పాపకు సరింగా పడితే కుట్టు నేర్సుకుందువు. ల్యాకుంటే సోమారం నుంచి మీ అవ్వ ఎంబడి జిన్నుకు పోదువు."

జిన్ను అంటే ఆదోనిలో పత్తి నుంచి గింజలు వేరుచేసే మిల్లు. మా అవ్వ అందులో పత్తి ఏరే పని చేసేది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆమె కనుబొమలకు కూడా తెల్లగా నూగు పట్టి ఉండేది. మొహం కడుక్కుంటే నూగు పోయేది గాని దగ్గు పోయేది కాదు. నేను పని దొంగను కాను. ఆ దగ్గంటేనే నాకు చచ్చేంత భయం.

గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక టీచరమ్మ చర్చి ఆవరణలో మాలాంటి ఆడపిల్లలకు కుట్టుపని నేర్పేది. అప్పటికి నాకు వచ్చిందల్లా అవ్వ పక్కన కూర్చుని పాత చీరలతో బొంతలు కుట్టడమే. టీచరమ్మ స్మాకింగ్ అనే కొత్త విద్య మొదలుపెట్టింది. బొక్కలు పొడిచిన కాగితాన్ని గుడ్డమీద పరిచి నీలిమందు అద్దితే వరసగా చుక్కలు పడతాయి. అంతవరకు అది ముగ్గే కాబట్టి నాకు హాయిగానే ఉండేది. తర్వాత ఆ చుక్కల వెంట పొడుగాటి తెల్లదారాలు గుచ్చి లాగితే గుడ్డంతా సన్నటి మడతలుగా దగ్గరకు వస్తుంది. ఆ మడతలను రంగుదారంతో రెండేసి చొప్పున కలుపుతూ పోతే తేనెపట్టు లాంటి గళ్లు తేలతాయి.

"అంత బిగించకు తల్లీ, ఇది బొంత కాదు" అని టీచరమ్మ నా వేళ్లమీద తట్టేది. నిజమే, నాది బొంత చెయ్యి. బొంతకు దారం ఎంత బిగిస్తే అంత మన్నిక. ఇక్కడ బిగిస్తే గుడ్డ గుక్కపట్టినట్టు ముడుచుకుపోయేది.

ఆ గుడ్డ ఎమ్మిగనూరులో మా బావ తన మగ్గం మీద నేసి పంపినది. చెడితే ఇంకో ముక్క లేదు. సూది గుచ్చుకుని దానిమీద నెత్తురు చుక్క పడినప్పుడల్లా నా గుండె జారేది. గబగబా ఉమ్మి రాసి తుడిచి, టీచరమ్మ చూసిందేమోనని తలెత్తేదాన్ని.

చివరి రోజు టీచరమ్మ గౌను చేతికిచ్చి, "ఇక ఒక్క పనే మిగిలింది. ఇంటికి వెళ్లి ఈ తెల్లదారాలన్నీ మెల్లగా లాగెయ్యి. అవి ఉంటే గౌను సాగదు" అంది.

ఇంట్లో మొదటి దారం కొస పట్టుకున్నానో లేదో, అవ్వ నా మణికట్టు పట్టుకుంది.

"పసిబిడ్డ గుడ్డకు ఏసిన కుట్టు యాడన్నా ఇప్పుతారామ్మా? ఆయుస్సు ఇప్పినట్ల గాదా?"

మా ఇంట్లో అదొక కట్టుబాటు. పసిపిల్లల గుడ్డలో కుట్టు తప్పితే దానిమీద ఇంకో కుట్టు వేసేవారు గాని విప్పేవారు కాదు. అక్కకు మొదటి బిడ్డ దక్కలేదు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు, ఎత్తనవసరమూ లేదు. టీచరమ్మ మాట వింటే పాపకు కీడు, అవ్వ మాట వింటే గౌనుకు కీడు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. తెల్లగుడ్డలో తెల్లదారం ఎవరికి కనబడుతుందిలే అనుకుని, కొసలు జారకుండా గట్టిగా ముడులు వేసేశాను.

ఎమ్మిగనూరు బస్సులో దారిపొడుగునా గౌను మూటను ఒళ్లో పట్టుకునే కూర్చున్నాను. ఒకసారి తొడిగి చూద్దామంటే అక్క అత్త ఒప్పుకోలేదు. కొత్తగుడ్డ మొదట దేవుని ఇంట్లోనే తొడగాలట.

చర్చిలో పాట అయిపోయింది. పాస్టరయ్య నీళ్లపళ్లెం పక్కన నిలబడ్డాడు. అక్క పాపకు గౌను తొడిగింది. తల దూరింది గాని భుజాల దగ్గర ఆగిపోయింది. అక్క లాగింది, బావ లాగాడు. రెండు చేతులూ పైకి ఇరుక్కుని పాప కెవ్వుమని ఏడ్చింది.

"నేర్సుకునేటోళ్ల సేతికి బిడ్డ గుడ్డ ఇస్తారా ఎవురన్నా?" అంది అక్క అత్త, అందరికీ వినబడేలా.

నాయన పాపను చూడటంలేదు, నన్ను చూస్తున్నాడు. గౌను ఎందుకు పట్టలేదో నాకొక్కదానికే తెలుసు. అవ్వ దగ్గరికి జరిగాను.

"అవ్వా, లోపల దారాలు ఉండాయి. తీస్తే సాగుతాది. తీయొద్దంటివని తీయలే."

అక్క చేతులు ఆగిపోయాయి. "వొద్దవ్వా, తీయొద్దు" అంది.

అవ్వ కింద కూర్చుని పాపను ఒళ్లోకి తీసుకుంది. వంగి, మిగిలిన నాలుగు పళ్లతో ముడిని కొరికి దారం లాగింది. నా తేనెపట్టు కూడా దాని వెంటే ఊడివస్తుందేమోనని నేను ఊపిరి బిగబట్టాను. ఊడలేదు. ఒక్కో దారం వచ్చేకొద్దీ మడతలు కాస్త కాస్త విచ్చుకున్నాయి. ఆఖరి దారం వచ్చాక పాప చెయ్యి తనంతట తానే బయటికి వచ్చింది. నాకు ఏడుపు ఆగలేదు.

అవ్వ ఆ దారాలన్నీ ఉండచుట్టి కొంగున ముడివేసుకుంది.

"ఇప్పింది నేను. ఏమన్నా వచ్చేదుంటే నాకే రానీ" అంది అక్కతో.

బాప్తిస్మం జరిగింది. బయటికి వచ్చాక చెప్పులు వేసుకుంటూ నాయన నావైపు తిరిగాడు. గౌను పడిందనుకోవాలో పడలేదనుకోవాలో ఆయనకే తెలియనట్టుంది.

"సోమారం..." అని మొదలుపెట్టాడు.

అవ్వకు దగ్గు తెర వచ్చింది. అది తగ్గేదాకా నాయన ఆగాడు. ఆమె కొంగుతో నోరు తుడుచుకుంది.

"సోమారం జిన్నుకు నేనే పోతాలే, నాయనా. దగ్గేదానికి ఇంట్లో నేనొక్కదాన్ని సాలు."