మా అత్త ఫోనుకు బొట్టు

మా అత్తకు చూపు పోయి రెండేళ్లయింది. ఆపరేషన్‌తో బాగయ్యేది కాదన్నారు డాక్టర్లు. వంటకూ నడకకూ ఎలాగో సర్దుకుంది. ఒక్కదానికే సర్దుకోలేదు. ఆమె ఉండే జమ్మలమడుగులో గురువారం చర్చి స్త్రీల కూడికలో బైబిలు వాక్యం చదివేది ఆమే, నేను కోడలిగా రాకముందు నుంచీ. ఇప్పుడు కూడికకే పోవడం మానేసింది. "సదవలేనిదాన్ని, ఆడ ఊరికే కూర్చోవల్లనా?" అనేది. మొండితనంలో మేమిద్దరం ఒకరికొకరు తీసిపోం, అందుకే నేను ఊరుకోలేదు.

మా ఇంట్లో పాత ఫోన్లు వాడరు, పారెయ్యరు, బట్టల బీరువాలో దాస్తారు. అద్దం పగిలిన నా ఫోనూ, మా ఆయన వాడి వదిలేసిన అదే మోడలు చచ్చిన ఫోనూ తీసుకుని మేముండే ప్రొద్దుటూరులో రిపేరు షాపుకు పోయాను. అత్త సంగతి విని, అతను నా ఫోనులో బ్యాటరీ మార్చాడు. బైబిలు ఎక్కించి, వేలు ఎక్కడ పెడితే అక్కడున్నది ఫోనే పలికే ఏర్పాటు కూడా చేశాడు. "అద్దం పగిలింది కదా?" అన్నాను. "చూపు లేని అవ్వకు అద్దంతో పనేంది మేడమ్?" అన్నాడు. రెండోదాన్ని చెత్తలో వెయ్యొద్దని, విడిభాగాలకు పనికొస్తుందని దగ్గర పెట్టుకున్నాడు.

నెల తిరక్కుండా అత్త కూడికలో మళ్లీ చదివింది. చెవిలో ఇయర్‌ఫోను, అది చెప్పిన ముక్క ఈమె నోట. నేను తెగ మురిసిపోయాను.

అంతలో పులివెందుల నుంచి మా ఆడబిడ్డ వచ్చి అత్తను చూసి, మా ఇంటికీ వచ్చింది. "మా అమ్మకు పగిలిన ఫోనిచ్చినావా వదినా?" అంది. నాకు చురుక్కుమంది. మరుసటి రోజే అత్త ఫోను తెప్పించి, ఆ చచ్చిన ఫోను అద్దం దీనికి వేయించి పంపేశాను.

ఆ గురువారం అత్త కూడికకు పోలేదు. మోకాళ్ల నొప్పులట. ఆదివారం బస్సెక్కి పోయి చూద్దును కదా, ఫోను "కెమెరా, కెమెరా" అని అరుస్తోంది, అత్త దాన్ని తిడుతోంది.

"ఆ చీలిక ఎంబడే వేలు పోనిస్తే వాక్యం కాడికి పోతాంటి పాపా. నువ్వు నున్నగా చేసిపెడ్తివి. ఇప్పుడు యాడుందో తెల్లేదు."

"చెప్పొచ్చు కదత్తా?"

"అంత ఇష్టంగా ఏపిస్తివి. ఎట్ల చెప్పేది?"

నాకు సిగ్గేసింది. ఆడబిడ్డ మాట పడలేక చేసిన పనే గాని అత్త కోసం చేసింది కాదది.

చేతికి తగిలేలా ఏదైనా గుర్తు కావాలి. మా ఇండ్లలో బొట్టు పెట్టుకోరు. పక్కింటామె అద్దానికి అంటించుకున్న స్టిక్కరు బొట్టొకటి అడిగి తెచ్చి, సరిగ్గా వాక్యం ఉన్న చోటు పక్కన అంచు మీద అతికించాను. అత్త తడిమి చూసి, ఏమిటని అడిగింది. చెప్పగానే పడీపడీ నవ్వింది.

"నా నుదుటికి రానిది ఫోనుకొచ్చెనే! పాస్టరయ్యకు చెప్పాకు."

తర్వాతి గురువారం పాఠాలు చెప్పే స్కూలుకు సెలవు పెట్టి నేనూ కూడికకు పోయాను. అత్త చదువుతూంటే మధ్యలో ఒకామె జాలిగా, "అక్కా, నీకెందుకు కష్టం? ఆ చెవిలోది పీకేస్తే ఫోనే అందరికీ సదువుతాది కదా?" అంది.

నిజమే, ఆ మాట నాకెప్పుడూ తోచలేదు. ఇక ఈమె లేచి ఇంటికి పోతుందనుకున్నాను.

అత్త తలైనా తిప్పలేదు. "అది నాకు సదువుతాది. మీకు నేను సదువుతా," అని తర్వాతి వచనం అందుకుంది.